వార్తాహరుని సంచి – దాని అరల చరిత్ర

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసమొకటి వ్రాసి ఇమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. సహకార సంఘపు జమాఖర్చులు వ్రాసికొనుచు, తీరిక వేళల మన బీరువాలయందలి భారత భాగవతములను నిఘంటువు ప్రక్కన బెట్టుకొని చదివికొన్నవాడను. రాజుల చరిత్రములును, శాసనముల చరిత్రములును వ్రాయుటకు నాకంటె సమర్థులు పెక్కురు కలరు. కావున సంచికకు సంచి కథయే వ్రాయుదమని తలచితిని.

ఇది వినుటకు హాస్యముగ నుండవచ్చును. కాని మన పఠనమందిరములో దినపత్రికల బల్లకు పైగా, గోడ మేకునకు, ఒక పాత కాన్వాసు సంచి వ్రేలాడుచుండుట పాఠకులందఱు నెఱిగినదే. దాని లోపల ఎఱ్ఱని అంచుగుడ్డతో కుట్టిన అర యొకటి కలదు. "తాతగారూ, ఈ చింకిసంచిని ఏల పారవేయరు?" అని పిల్లలు నన్ను తఱచుగ అడుగుచుందురు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము. అయితే అందులకు కొంత దూరము వెనుకకు పోవలసియున్నది.

మన ప్రాచీన కావ్యములయందు దూతలకు కొఱత లేదు. దమయంతి కడకు నలుని గుణములను కొనిపోయినది హంస. అలకాపురికి యక్షుని విరహమును కొనిపోయినది మేఘము. వీరెవ్వరికిని సంచి లేదు. వార్త మనస్సునందును నాలుకమీదను ఉండెను. వస్తువును కొనిపోవలసి వచ్చినప్పుడు మాత్రమే చిక్కు ఏర్పడును. సుందరకాండమునందు హనుమంతుడు శ్రీరాముని ఉంగరమును సీతమ్మవారికి సమర్పించి ఆనవాలు కోరగా, ఆ తల్లి తన వస్త్రమున ముడివేసి దాచుకొన్న చూడామణిని విప్పి ఇచ్చినదని వాల్మీకి మహర్షి చెప్పుచున్నాడు. హనుమంతుడు దానిని వ్రేలికి తొడుగుకొనెను. భాగవతమున కుచేలుడు శ్రీకృష్ణునికై కొనిపోయిన అటుకులును గుడ్డపీలికలో మూటగట్టినవే. కొంగుముడియే ఆనాటి అర. మూటయే ఆనాటి సంచి. మన గ్రామమున ముదుసలి స్త్రీలు నేటికిని రూపాయలను కొంగున ముడివేసికొందురు. మగవారు రొంటిన దోపుకొందురు.

మూటకు ఒక గుణము, ఒక దోషము కలవు. ఎంత వస్తువైనను అందు ఇముడును, ఇది గుణము. ఒక్కదాని కొఱకు విప్పినను అన్నియు బయటపడును, ఇది దోషము. ఈ దోషమును తొలగించుటకు మనుష్యుడు చేసిన యత్నమే అరల చరిత్ర.

మన తెలుగున సంచికి ఎన్ని పేర్లున్నవో చూడుడు. భిక్షకు పోవువానిది జోలె. త్రాటితో అల్లినది చిక్కము. తోలుతోనో గుడ్డతోనో చేసి మూతి బిగించునది తిత్తి. పశువు వీపున ఇరుప్రక్కల వ్రేలాడునది అసిమి. వీనిలో అరల విద్య మిక్కిలిగా కనబడునది వక్కాకు తిత్తి. ఆకులు వాడకుండ ఒక మడత, వక్కలకు ఒక మడత, సున్నపుకాయకు వేఱొక మడత కుట్టి, పైన త్రాడు లాగినంతనే అన్నియు ఒక్కమారుగ మూసికొనునట్లు అమర్తురు. సున్నము ఆకులను తాకరాదు. వక్కలు సున్నములో పడరాదు. ఈ చిన్న కారణమున కుట్టుపనిలో ఒక గొప్ప నేర్పు పుట్టినది. విజయనగర ప్రభువుల కొలువులో తాంబూలపు అడపము పట్టువాడు రాజునకు మిక్కిలి నమ్మకస్థుడై యుండవలెను. రాజు నోటికి పోవు వస్తువు వాని చేతిలో నుండును గదా!

మా తాతగారు ఈ గ్రామమునకు కరణము. 1984లో ఆంధ్రప్రదేశమున కరణీకములు రద్దగువఱకును మా ఇంట అడంగలు మొదలైన లెక్కలు దఫ్తరమున నుండెడివి. దఫ్తరమనగా చతురస్రపు గుడ్డ. దాని ఒక మూలకు పొడవైన నాడా కుట్టియుండును. కాగితములను నడుమ బెట్టి, మూడు మూలలు మడిచి, నాలుగవ మూలను పైకి తెచ్చి నాడాతో చుట్టుదురు. పూర్వము తాటియాకుల కవిలెకట్టలకు కట్టిన త్రాడే ఆ నాడాకు పెద్దయని నాకు తోచును. దఫ్తరమునకు అర లేదు. కాని నాడా ఎన్ని చుట్లు చుట్టి ఎక్కడ ముడివేసినదియు తాతగారికి గుర్తుండెడిది. ముడి మాఱినచో "దఫ్తరము నెవరు ముట్టిరి?" అని అడిగెడివారు. ముడియే తాళము.

ఇక వార్తాహరుల మాట. 14వ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన ఇబ్న్ బతూతా, మహమ్మదు బిన్ తుగ్లకు కాలపు అంచెలను గూర్చి వ్రాసియున్నాడు. ప్రతి మైలునకు మూడు తావుల పరుగుకాండ్రు సిద్ధముగ నుందురు. ఒకని చేత రెండు మూరల కఱ్ఱ, దాని కొనను రాగి గంటలు. రెండవ చేత జాబు. గంటల ధ్వని వినగానే తరువాతివాడు నడుము బిగించి నిలిచి, జాబు నందుకొని పరుగెత్తును. గుఱ్ఱపు తపాలుకంటె ఇది శీఘ్రమైనదనియు, ఖురాసానపు పండ్లును, దౌలతాబాదున నున్న సుల్తానునకు గంగాజలమును ఈ విధముననే వచ్చుచుండెననియు అతడు చెప్పెను. జాబు చేతిలో నుండెనను మాటను గమనింపుడు. ఒక్క ప్రభువుకు ఒక్క జాబైనచో చేయి చాలును. పదివేల ప్రజల జాబులైనచో సంచి కావలెను.

ఆ ప్రజల జాబులు మోయు కాలము మెల్లగా వచ్చినది. మైసూరున చిక్కదేవరాయలు 1672లో అంచెను ఏర్పఱచెను. చెన్నపట్టణమున 1786లో కుంపిణీవారు తపాలు కార్యాలయమును నెలకొల్పిరి. 1854లో దేశమంతట తపాలాబిళ్ళలు వచ్చి, దూరమెంతయైనను తేలిక జాబునకు అర్ధణాయే చాలునను ఏర్పాటు జరిగెను. అప్పటినుండియు సామాన్యుని జాబునకును త్రోవ ఏర్పడినది. రైలు లేని త్రోవలలో తపాలు మోయువాడు గంటలు కట్టిన ఈటెను చేతబట్టి, సంచిని భుజమున వైచుకొని, వాగులను అడవులను దాటి పరుగెత్తెడివాడు. ఆ సంచి మూతిని పురికొసతో బిగించి, ముడిపై లక్క కరగించి ముద్ర వేసెడివారు. లోపల ఏమున్నదో మోయువానికి తెలియదు. తెలిసికొనుటకు వానికి అధికారమును లేదు. అయినను ప్రాణమునకు తెగించి దానిని కాపాడెడివాడు. సంచికి కుట్టిన వస్తువులలో నాకు మిక్కిలి గౌరవము కలిగించునది ఆ లక్కముద్రయే.

అరల విద్య తపాలునందు ఎంత నిపుణముగ వాడబడినదో చూపుటకు అమెరికా దేశపు ఉదాహరణ మొకటి కలదు. 1860 ఏప్రిలులో అచట పోనీ ఎక్స్‌ప్రెస్ అను గుఱ్ఱపు తపాలు మొదలై, మిస్సోరిలోని సెయింట్ జోసెఫునుండి కాలిఫోర్నియాలోని శాక్రమెంటోవఱకు ఇంచుమించు 1,900 మైళ్ళు 10 దినములలో జాబులను చేర్చుచుండెను. రౌతు దారిలో మాటిమాటికి గుఱ్ఱమును మార్చవలెను. మార్చినప్పుడెల్ల జీను విప్పి సంచులు విప్పినచో కాలము వ్యర్థమగును. కావున వారు జీనుపై పఱచు ఒక తోలుదుప్పటిని చేయించి, దానికి నాలుగు మూలల నాలుగు తోలు అరలు కుట్టించిరి. దానిని మొచీలా అనిరి. రౌతు దానిమీదనే కూర్చుండును. గుఱ్ఱము మాఱినప్పుడు దానిని లాగి క్రొత్త జీనుపై వైచును. రెండు నిమిషములలో పని ముగియును. నాలుగు అరలలో మూడింటికి తాళములు. దూరపు జాబులు అందులో నుండును. వాని తాళపుచెవులు కొన్ని ముఖ్యస్థానములందే యుండును. నాలుగవ అర దారిలోని మజిలీల జాబులకు. ఒక్క తోలుదుప్పటి, అందులో ఎవరు దేనిని తెఱువవచ్చునో కుట్టే నిర్ణయించినది. 1861 అక్టోబరులో తంతితీగ పూర్తికాగానే ఆ తపాలు నిలిచిపోయెను. ఏడాదిన్నర మాత్రమే నడచినను దాని కీర్తి నేటికిని నిలిచియున్నది.

ఆ దేశమునందే నెవాడా రాష్ట్రపు రీనో పట్టణమున జేకబ్ డేవిస్ అను దర్జీ యుండెను. కూలివాండ్ర పంట్లాముల జేబులు మూలలయందు చినుగుచుండుట గమనించి, ఆ మూలలకు రాగిమేకులు దిగగొట్టెను. గుడ్డల వర్తకుడగు లెవీ స్ట్రాస్‌తో కలిసి 1873లో దానికి పేటెంటు పొందెను. అర చినుగునది నడుమ కాదు, మూలలయందే యని కనుగొనుటయే అతని విద్య. ఇక నేడు విద్యార్థులు ఒక భుజమునుండి అడ్డముగ వైచుకొను "మెసెంజర్ బ్యాగు" మాట. 1950 ప్రాంతమున న్యూయార్కులో డి మార్టిని అను కాన్వాసు సంస్థ స్తంభములెక్కు లైన్‌మన్ల కొఱకు ఇట్టి సంచిని కుట్టెననియు, 1970 తరువాత సైకిలుపై జాబులు పంచువారు దానిని తమదిగ చేసికొనిరనియు చెప్పుదురు. స్తంభముపై నున్నవానికి ఒక చేయి స్తంభమునకే సరిపోవును. సైకిలుపై నున్నవానికి ఒక చేయి పిడికే సరిపోవును. రెండవ చేతికి వస్తువు చూడకయే అందవలెను. కావున అరలు ఆ సంచికి అలంకారములు గావు, ప్రాణములు.

ఇట్టి సంచిని అంగడిలో కొననక్కఱలేదు. ఇంటనే కుట్టుకొనవచ్చును. 19వ శతాబ్దమున హోవె, సింగర్ మొదలగువారు కుట్టుమిషనును వాడుకలోనికి తెచ్చిరి. యంత్రములను అంతగా మెచ్చని గాంధీమహాత్ముడు సైతము 1924లో ఒక సంభాషణమున సింగర్ మిషనును మినహాయించి చెప్పెను. భార్య పడు శ్రమను చూచిన ప్రేమనుండి అది పుట్టినదని ఆయన భావము. మా అమ్మగారి చేతిమిషనును చూచినప్పుడెల్ల నాకు ఆ మాట జ్ఞప్తికి వచ్చును. ఆమె వలన నేను నేర్చిన నాలుగు సూత్రములను యువతీయువకుల ఉపయోగార్థము ఇచట వ్రాయుచున్నాను.

మొదటిది: అరలను సంచి ప్రక్కలు కలుపకముందే కుట్టవలెను. గుడ్డ బల్లమీద పఱచియున్నప్పుడు అర కుట్టుట సులభము. సంచియైన తరువాత మిషను పాదము లోనికి పోదు. రెండవది: లెక్క. వస్తువు వెడల్పునకు దాని మందమును కలుపవలెను. 5½ అంగుళముల వెడల్పు, 1 అంగుళము మందము గల పుస్తకమునకు, చేయి పట్టుటకు ½ అంగుళము చేర్చి 7 అంగుళముల అర కావలెను. కుట్టులోనికి పోవుటకు ప్రక్కకు ½ చొప్పున మఱి 1 అంగుళము. గుడ్డను 8 అంగుళములు కత్తిరింపవలెను. మందమును మఱచి కత్తిరించినవారే అర ఇఱుకైనదని దర్జీని నిందింతురు. మూడవది: మూలలు. అర పైమూలలయందు కుట్టును మూడు నాలుగు మార్లు ముందువెనుకలకు నడుపవలెను. భుజపుపట్టీ సంచికి కలియుచోట చతురస్రముగ కుట్టి, దాని లోపల మా లెక్కల పుస్తకములలోని హెచ్చవేత గుర్తువలె అడ్డముగ రెండు గీతలు కుట్టవలెను. అప్పుడు బరువు ఒక్క దారముమీద పడక అంతట పంచుకొనబడును. కాన్వాసునకు 16 లేక 18 నంబరు సూది వాడవలెను, సన్నసూది విఱుగును. నాలుగవది: మూత. అది అర మూతికంటె రెండు వ్రేళ్ళు క్రిందికి దిగవలెను. అప్పుడు వాన లోనికి పోక జాఱిపోవును. మూయుటకు గుండీ కాజాలైనను సరియే, టిచ్ బటనైనను సరియే. విలువగల కాగితమునకు మాత్రము రెండు మూతలుండుట మేలు: అరకు ఒకటి, సంచికి ఒకటి.

ఈ నాలుగవ సూత్రమును నాకు నేర్పినది మా అమ్మగారు కాదు. దానినే ఇప్పుడు చెప్పవలసియున్నది.

నాకు ఇరువది యేండ్ల వయస్సున, మా అమ్మగారు పాత గుడారపు గుడ్డతో నాకొక సంచి కుట్టి ఇచ్చిరి. అది మిక్కిలి దృఢమైనది. కాని తొందరలో అర లేకయే కుట్టించుకొంటిని. ఆ రోజులలో గ్రామమువారి కాగితములను పట్టణపు కార్యాలయములకు కొనిపోవుట నాకు వాడుక. మన వీధిలో బొంతలు కుట్టి జీవించు ఒక వితంతువు, తన భర్త కొన్న ఎకరము పొలపు దస్తావేజును నాకిచ్చి, దాని నకలు తెమ్మని కోరెను. దానిని మడిచి, నేను చదువుచున్న రెండు పుస్తకముల నడుమ పెట్టితిని. బస్సు రాక ఆలస్యముకాగా, వాన చినుకులలో చెట్టుక్రింద నిలిచి, చదువుటకు ఒక పుస్తకమును పైకి తీసితిని. కార్యాలయమునకు పోయి చూచుకొనగా దస్తావేజు లేదు. తిరిగి ఆ చెట్టుకడకు పరుగెత్తితిని. బురదయే గాని కాగితము లేదు.

ఆ రాత్రి ఆమె గడపలో నిలిచి ఆ మాట చెప్పుటకు నాకు నోరు రాలేదు. ఆమె ఏడ్వలేదు, నన్ను తిట్టను లేదు. కొంతసేపు ఊరకుండి, "ఏది నాయనా, ఆ సంచి ఇటు తే" అనెను. లోపల చేయిపెట్టి చుట్టును తడిమి, "దీనికి లోన జేబు లేదుగదయ్యా! అన్నీ ఒక్కచోట కుమ్మరిస్తే, అవసరమైనదే ముందు జారుతుంది" అనెను. ఆ దస్తావేజునకు మాఱుగా ధ్రువపత్రము సంపాదించుటకు 11 నెలలు పట్టినది. ఎన్నిమార్లు తిరిగితినో నా పద్దులలో వ్రాసియుంచితిని: 23 మార్లు. కాగితము లేనందున ఆ యేడు ఆమెకు పంట అప్పు పుట్టలేదు. పొలమును కౌలుకిచ్చి, కౌలు డబ్బుతోనే గడపెను. పత్రము చేతికి వచ్చిన దినమున ఆమె నా సంచిని అడిగి తీసికొని, మూడు దినములకు తిరిగి ఇచ్చెను. తన పాత చీర ఎఱ్ఱని అంచును నాలుగు మడతలు వైచి, బొంత కుట్టినట్లు దట్టముగ చేతితో కుట్టి, లోపల ఒక అరను, దానికి మూతను, మూతకు రెండు నాడాలను అమర్చియుండెను. కుట్టిన సంచి లోపల చేయి పెట్టి అర కుట్టుట ఎంత కష్టమో పైన వ్రాసితిని. ఆమె వ్రేళ్ళకు సూదిపోట్లు కనబడుచునే యుండెను. ఆ పత్రమును నా చేతినుండి అందుకొని, మరల ఆ అరలోనే పెట్టి, "పట్టణానికి పోయి నకలు తీసుకురా" అని నా చేతికే ఇచ్చెను.

పాఠకులారా, పోగొట్టినవానికే మరల అప్పగించుట ఎట్టిదో నేను ఆనాడు తెలిసికొంటిని. లక్కముద్రగాని, తాళముగాని నన్ను అంతగా కట్టివేయలేదు.

గ్రంథాలయమునకును సంచికిని సంబంధమేమని అడుగువారు కలరు. పుస్తకము బీరువాలో నుండుట సగమే. మనుష్యుని కడకు నడచిపోవుట తక్కిన సగము. 1931లో మన్నార్‌గుడి ప్రాంతమున ఎడ్లబండిపై గ్రంథాలయము గ్రామములకు పోయినది. 1935లో మన కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణముగారి పూనికతో పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువమీద నౌకాగ్రంథాలయము నడచినది. మనకు బండియు లేదు, నౌకయు లేదు. 25 సంవత్సరముల క్రిందట ఈ గ్రంథాలయమును స్థాపించునప్పుడు, ఇంటింటికి తిరిగి పుస్తకములు సేకరించినది ఆ కాన్వాసు సంచిలోనే. మొదటి దినమున దొరకినవి 17 పుస్తకములు. ఎఱ్ఱని అరలో చందాల రసీదుపుస్తకమును, వచ్చిన పైకమును ఉంచితిమి. ఆనాటినుండి నేటివఱకు ఆ అరలో పెట్టిన ఒక్క రూపాయియు, ఒక్క రసీదును పోలేదు. లెక్కలు వ్రాయువాడను గనుక ఈ మాట ధైర్యముగ వ్రాయగలుగుచున్నాను.

ఆ అర కుట్టిన తల్లి ఇప్పుడు లేదు. ఆమెకు చదువు రాదు. మన గ్రంథాలయములో ఒక్క పుస్తకమైనను ఆమె చదివియుండలేదు. కాని దాతల పట్టికలో ఆమె దానము చేరకపోవుట పద్దులో తప్పువంటిదని నాకు తోచుచున్నది. దాతల ఫలకముపై ఆమెకును ఒక వరుస కేటాయింపవలెనని కార్యవర్గమువారిని ఈ వ్యాసముఖమున ప్రార్థించుచున్నాను. పేరునకు ఎదుట మొత్తము వ్రాయుచోట "ఒక అర" యని వ్రాసిన చాలును.

పిల్లలు అడిగిన ప్రశ్నకు ఇదియే సమాధానము. ఆ సంచి పట్టీ ఇప్పుడు ఒకచోట దారము వీడినది. రజతోత్సవము ముగియులోపల దానిని నేనే కుట్టుదును. చతురస్రము, లోన హెచ్చవేత గుర్తు. కుట్టుట చూడగోరు పిల్లలు సాయంకాలము పఠనమందిరమునకు రావచ్చును. సూదులు, దారము నేను తెత్తును. గుడ్డముక్కలు మీరు తెచ్చుకొనుడు.